అక్క అడిగిన పాట

చెయ్యి పైకెత్తాడు, అంటే నేను తిరగాలి, తిరిగాను, తిరుగుతూ చూశాను, అక్క చూస్తోంది. గోడవారగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో చివరిదాని మీద, నా సంచీ, తన సంచీ రెండూ ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుని చూస్తోంది. ఇంకాస్త తిరిగేసరికి అద్దం వచ్చింది, ఆ తర్వాత స్పీకరు, ఆ తర్వాత కిటికీ, మళ్లీ అక్క. ఈ డాన్సుతో వచ్చిన గొడవే ఇది, ఎటు తిప్పినా హాలంతా ఓసారి చూపించి మళ్లీ మొదటికే తెస్తుంది. చూడకూడదనుకుంటే కళ్లు మూసుకోవాలి, మూసుకుంటే పడతాను. ఇంతకీ నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. అక్క వచ్చి చెయ్యి చాపింది, కాళ్లు నొప్పిగా ఉన్నాయక్కా, ఈ పాట వద్దు అన్నాను. సరేనని నా పక్కన కూర్చోబోయింది, ఇంకా పూర్తిగా కూర్చోలేదు కూడా, సగం వంగింది, అంతలో మాతో డాన్సు నేర్చుకునే ఆర్కిటెక్ట్ వచ్చి ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు, నా కాళ్లు లేచాయి. నేను లేవలేదు, కాళ్లు లేచాయి. నొప్పి అని చెప్పానే, ఆ కాళ్లే.

గోడ మీద ఎవరూ రాసి అంటించలేదు గాని ఇక్కడికొచ్చేవాళ్లందరికీ తెలిసిన మర్యాద ఒకటుంది. మాస్టారు మొదటి క్లాసులో, అడుగులకంటే ముందు, అదే చెప్తారు. మాస్టారు వారమంతా పిల్లలకి ఈత నేర్పుతారు, ఆదివారం సాయంత్రం ఫర్నిచర్ షోరూము పైన ఈ హాలు అద్దెకి తీసుకుని మాకు సల్సా నేర్పుతారు, ఎక్కడున్నా గొంతు మాత్రం అవతలి గట్టున ఉన్నవాళ్లని కేకేసే గొంతే. మిమ్మల్ని ఎవరైనా డాన్సుకి అడగొచ్చు, మీకు ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కాని వద్దన్నాక ఆ పాట అయ్యేదాకా కూర్చోవాలి, ఇంకొకరు పిలిస్తే లేవకూడదు. పాటని వద్దనండి, మనిషిని వద్దనకండి, అంటారు. అంతే. కొత్తగా చేరినవాళ్లు కాలు తొక్కుతారు, మోచెయ్యి మూతికి తగిలిస్తారు, చెమటలు పూస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఈ ఒక్క రూలు తప్పినవాళ్లని మాత్రం గుర్తుపెట్టుకుంటారు. పోయినేడాది ఒకావిడ తప్పింది, ఆవిడ సంగతి అందరి చెవులూ కొరికి మరీ చెప్పింది నేనే, ఎంత సంతోషంగా చెప్పానో. ఇవాళ నన్ను ఎవరెవరు చూశారు? మాస్టారు స్పీకరు తీగలు సరిచేసుకుంటున్నారు, చూసి ఉండరు. మందుల షాపు అమ్మాయి చూసింది. ఇవాళే మొదటిసారి వచ్చింది ఆ పిల్ల, మందుల షాపులో పని చేస్తానండీ అని పరిచయం చేసుకుంది, ఎవరూ పిలవక అక్కకి రెండు కుర్చీల అవతల కూర్చుని ఉంది. పర్లేదు, ఆ పిల్లకి రూలు ఇంకా సరిగ్గా తలకెక్కి ఉండదు. అక్కకి తలకెక్కింది. అక్క రూళ్ల మనిషి.

ఆర్కిటెక్ట్ బాగా ఆడతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇళ్లకి ప్లాన్లు గీస్తాడు, మనిషిని కూడా అలాగే నడిపిస్తాడు, ఇక్కడ గుమ్మం, ఇక్కడ మలుపు, ఇక్కడ కాసేపు ఆగండి అన్నట్టు, ఎక్కడా దేనికీ కొట్టుకోము. హాల్లో ఆడవాళ్లు సగం మంది అతను తమ వైపు రావాలని నీళ్ల సీసా మూత తీస్తూ పెడుతూ కూర్చుంటారు, నేనూ కూర్చుంటాను, నలభై ఆరేళ్లొచ్చి. ఏ రెండు నెలలకో నా దగ్గరికొస్తాడు. ఒకసారి అన్నాడు, మీరు చాలా తేలిగ్గా ఉంటారండీ, చెయ్యి పట్టుకున్నట్టే ఉండదు అని. ఆ ముక్క పట్టుకుని నెల్లాళ్లు బతికాను. కళ్లజోళ్ల షాపులో అద్దాలు తుడుస్తూ, ఏ పెద్దాయన ముక్కు మీదో ఫ్రేము సరిచేస్తూ, నేను తేలిగ్గా ఉంటాను, తేలిగ్గా ఉంటాను అని లోలోపల జపం చేసుకున్నాను. మా ఆయనకి చెప్తే టీవీ మీంచి కన్ను తిప్పకుండా, మొన్న డాక్టరు బరువు తగ్గమన్నాడుగా అన్నాడు. తేలికే మరి. ఎవరు లాగితే అటు పోయేదాన్ని తేలికనక ఇంకేమంటారు.

ఒకటి రెండు మూడు, నాలుగు దగ్గర ఊరుకోవాలి, ఐదు ఆరు ఏడు, ఎనిమిది దగ్గర ఊరుకోవాలి. ఇంతే ఈ విద్య. అడుగు వెయ్యడం అందరికీ వస్తుంది, ఊరుకోవడమే రాదు. ఇద్దరిలో ఒకరు నడిపిస్తారు, ఒకరు నడుస్తారు, నడిచేవాళ్ల పని ఏమీ అనుకోకుండా ఉండటం. చెయ్యి ఎటు చెప్తే అటు. ముందే ఊహించుకుని తిరిగిపోయామా, పాడైపోయింది. ఏమీ అనుకోకూడదు, ఏమీ అనుకోకూడదు. అక్క మొహంలో కోపం ఉందా? తిరిగినప్పుడు చూశాను, లేదు. కోపం ఉంటే బాగుండేది. చిన్నప్పుడు కోపమొస్తే నా జబ్బ పట్టుకుని మెలితిప్పేది, నేను గట్టిగా ఏడ్చేదాన్ని, అమ్మ వచ్చి ఇద్దరికీ చెరొకటి వడ్డించేది, సాయంత్రానికి లెక్కలన్నీ సరిపోయేవి. ఈ హాల్లో జబ్బ మెలితిప్పేవాళ్లు ఎవరున్నారు.

అసలు నన్ను ఇక్కడికి తెచ్చిందే అక్క. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఆరేళ్ల కిందట, నేర్చుకునేవాళ్లలో ఒకాయన పాఠం మధ్యలో కారాపి కింద షోరూములో సోఫా బేరమాడటానికి వెళితే, కారులో కూర్చోలేక మెట్లెక్కి పైకొచ్చిందట, తలుపు సందులోంచి చూసిందట, దిగేలోపు ఇద్దరి పేర్లూ రాయించేసింది. నన్నడగలేదు. అడిగే అలవాటు లేదు, 'ఆరింటికి వస్తా, తయారుగా ఉండు' అంటుంది. ఆ మొదటి రోజు ఇటు వరస నిండా ఆడవాళ్లం, అటు వరసలో ఏదో పోగొట్టుకున్నట్టు నిలబడ్డ నలుగురు మగవాళ్లు. మాస్టారు తల గోక్కుని, ఎవరైనా అటు వెళ్లి నడిపించడం నేర్చుకుంటారా అమ్మా అన్నారు. "నేనొస్తానండీ, పక్కవాళ్లని నడిపించడమే నా బతుకుతెరువు" అంది అక్క. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే! ఇంకా ఒక్క అడుగు వెయ్యకముందే, అక్క నోరు తెరిస్తే చాలు నాకు సిగ్గు. అక్కకి మాత్రం ఎప్పుడూ ఎవరి దగ్గరా సిగ్గు లేదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి, నా పక్క సీట్లో వారానికో కొత్తవాడు కూర్చుంటాడు, ఉన్నవాళ్లకే బుద్ధి చెప్పలేక చస్తున్నా అనేది. అడిగినవాళ్లు మళ్లీ అడిగేవారు కారు.

కాని చెయ్యి పట్టుకుందంటే అది వేరు. బడికెళ్లే దారిలో పెద్ద రోడ్డు దాటాలి. అమ్మ తెల్లవారకుండానే పనికి పోయేది, నన్ను అక్క చేతిలో పెట్టి పోయేది. నోటితో ఏమీ చెప్పేది కాదు అక్క, నా మణికట్టు మీద బొటనవేలితో నొక్కేది, నొక్కితే ఆగాలి, వదిలితే నడవాలి. నా ఎత్తుకి లారీలు కనపడేవి కావు, మనుషుల నడుములు కనపడేవి, అక్క వేలొక్కటే తెలిసేది. నడిపించడమంటే లాగడం కాదు, నెట్టడం కాదు, ఎదుటి మనిషికి దారి తెరవడం అని మాస్టారు అరగంట ఉపన్యాసమిస్తుంటే అక్క నా వైపు చూసి కన్ను గీటింది. నాకు నవ్వాగలేదు. మాస్టారు నన్నే తిట్టారు. మొదటి రెండేళ్లూ హాల్లో అందరికంటే హాయిగా ఆడింది మేమిద్దరమే, ఎవరేమన్నా అననీ. సగం అంటే చాలు మిగతా సగం నాకు తెలిసిపోయేది. తర్వాత నాకు కాస్త పేరొచ్చింది. చెయ్యి చాపేవాళ్లు పెరిగారు. అక్క నా దగ్గరికొచ్చేసరికి నేను లేచి వెళ్లిపోయి ఉండేదాన్ని, అక్క నవ్వి, ఎవరూ పిలవని వాళ్లెవరైనా ఉన్నారా అని వెతుక్కుని వాళ్లని లేపేది.

తర్వాత చెవి. ఒకరోజు పొద్దున్నే షాపుకొచ్చి, "ఈ ఫోను పాడైందే, అవతలివాళ్ల మాట ఒక్క ముక్క వినపడి చావట్లేదు" అంది. తీసుకుని నా చెవికి పెట్టుకుంటే శుభ్రంగా వినపడింది. ఇంకో చెవికి పెట్టుకుని చూడు అన్నాను. పెట్టుకుంది. ఎదురుగా కంటి పరీక్ష బోర్డు మీద అక్షరాలు పెద్దవాటి నుంచి చిన్నవాటిదాకా చదువుకుంటున్నట్టు చూసింది. "అయితే ఫోను కొనక్కర్లేదన్నమాట" అంది. డాక్టరు ఒక చెవి పోయిందనీ, రెండోది కూడా మెల్లిగా ఆ దారినే ఉందనీ చెప్పి, మిషను పెట్టుకోమన్నాడు. మాటలకి ఆ మిషను బాగానే ఉంది, ఈ హాల్లో మాత్రం డప్పులూ బాకాలూ అరుపులూ అన్నీ కలిపి కలగాపులగం చేస్తుంది. పాట ఎక్కడ మొదలైందో తెలియదు. "స్టీరింగ్ పట్టుకున్నవాడి వైపు చెవే పోయిందే, వాడు కెవ్వుమన్నా నాకు వినపడదు, ఎంత హాయో" అని ఇంటిల్లిపాదినీ నవ్వించింది, ఇక్కడికి రావడం మానేసింది. నేను ఒక్కదాన్నే వచ్చాను, ఆదివారం తర్వాత ఆదివారం. అయ్యో అక్క లేదే అనుకున్నాను. ఇంకొకటి కూడా అనుకున్నాను. ఆటో దిగి ఒక్కదాన్నే మెట్లెక్కుతుంటే ఎవరూ 'మీ అక్కగారేరీ' అనకుండా ఉంటే బాగుండుననుకున్నాను, తేలిగ్గా ఉందనుకున్నాను. ఛీ.

పోయిన వారం మా ఇంటికొచ్చి, "రోజూ స్పీకరు మీద అరచెయ్యి పెట్టి వింటున్నా, వంట్లోకి వస్తోంది, చూడు" అంది. వంటగదిలో, ఫ్రిజ్జుకీ సింకుకీ మధ్య ఉన్న జాగాలో, నా ఫోనులో పాట పెట్టి చెయ్యి పట్టుకుంది. చెయ్యి అదే చెయ్యి. ఎటు చెప్పినా నీళ్లు పల్లానికి పోయినట్టు పోవచ్చు. కాని పాట ఒకటి దగ్గరుంటే అక్క ఇంకా ఎనిమిది దగ్గరే ఉంది, ఊరుకోవాల్సిన చోట అడుగేస్తోంది, అడుగెయ్యాల్సిన చోట ఊరుకుంటోంది. నాకు పళ్లకింద రాయి పడ్డట్టు ఉంది. ఆగి, ఎలా ఉంది అని అడిగింది. మొహం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలేదు. "బాగానే ఉందక్కా."

"నిజంగానా? మొహమాటానికి అనట్లేదు కదా?"

"ఒట్టు."

"అయితే ఆదివారం వస్తా. నీతో ఒక్క పాట ఆడతా, అంతే. ఈ చెవి కూడా మూతపడే లోపల. ఆ తర్వాత ఇంక రాను, నిన్ను వేధించను."

ఆ మాట చెప్పడానికి నోరెలా వచ్చిందో నాకు. జాలిపడి చెప్పాననుకున్నాను, అబద్ధం చెప్పడం సులువని చెప్పాను. వస్తుందనుకోలేదు. అక్క ఎప్పుడైనా వస్తానని రాకుండా ఉందా? ఇవాళ ఇస్త్రీ మడత నలగని నీలం చొక్కా వేసుకుని, డ్రైవింగ్ స్కూలు కారు మా ఇంటి ముందు ఆపి, ఆరింటికంటే ముందే హారను కొట్టింది. మెట్లెక్కుతూ మిషను చెవిలోంచి తీసి, చిన్న డబ్బాలో పెట్టి, "ఇది నీ దగ్గరుంచు, నేనైతే ఎక్కడో పారేస్తా" అని నా చేతికిచ్చింది. నా సంచీలోనే ఉంది. ఆ సంచీయే ఇప్పుడు అక్క ఒళ్లో ఉంది. కుర్చీలో కూర్చుని మొదటి పాటకి కాలితో తాళం వేస్తుంటే చూశాను, తప్పు. రెండో పాటకీ తప్పే. అప్పటి నుంచి నాకు పాట వినపడలేదు, అక్క బూటు నేల మీద పడటమొక్కటే వినపడింది. ఆర్కిటెక్ట్ చూస్తాడు, పాటలు పెట్టే డీజే కుర్రాడు చూస్తాడు, మాస్టారు చూసి ఏమీ అనకుండా అటు తిరుగుతారు, అది ఇంకా ఘోరం. వయసు మళ్లిన అక్కచెల్లెళ్లిద్దరు లెక్క తప్పి గెంతుతున్నారంటారు. అంటే ఏమవుతుంది? ఏమవుతుందే నీకు? కళ్లజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడే ఆడపిల్లలకి రోజూ నువ్వే చెప్తావు కదా, ఎవరూ మిమ్మల్ని చూడరమ్మా, ఎవరి గొడవలో వాళ్లుంటారు అని. చెప్పేవన్నీ శ్రీరంగనీతులు. చూసేవాళ్లు ఎవరో గాని, చూసేవాళ్ల కోసం నేను అక్క మొహమ్మీద తలుపేశాను.

"లెక్కపెడుతున్నారా?" అన్నాడు ఆర్కిటెక్ట్, నవ్వుతూ.

ఏమిటని చూస్తే, అతని భుజం మీదున్న నా ఎడమ చెయ్యి. వేళ్లు వాటంతట అవే కొడుతున్నాయి, ఒకటి రెండు మూడు, ఐదు ఆరు ఏడు, మెల్లిగా, అతని చొక్కా మీద. సారీ అండీ అన్నాను, వేళ్లు ఆపేశాను, ఆపేసిన మరుక్షణం తోచింది. అక్క భుజం మీద కూడా ఈ చెయ్యే ఉంటుంది. ఈ చోటే. వినపడే చెవి లేకపోతేనేం, భుజం ఉంది కదా. నా వేళ్లతో పాట మొత్తం అక్క భుజం మీద చెప్పొచ్చు, ఇదుగో ఇక్కడ ఒకటి, ఇదుగో ఇక్కడ ఆగు, ఎవరికీ తెలియదు, ఆర్కిటెక్ట్‌కి తెలియదు, మాస్టారికి తెలియదు, నడిపించేది అక్కే, తిప్పేది అక్కే, నేను ఒట్టి వేళ్లు ఆడిస్తే చాలు. వంటగదిలోనే చెప్పి ఉండొచ్చు. ఎందుకు తోచలేదు? తప్పు ఎక్కడుందో వెతకడంలో అంత తీరిక లేకుండా ఉన్నాను. ఎంతసేపటి పనని, ఒక్క పాట. నాలుగు నిమిషాలు నా చేతిలో ఉన్నాయి, అక్క వచ్చి నా ముందు నిలబడి మరీ అడిగింది. అడిగే అలవాటు లేని మనిషి.

పాట అయిపోతే తిన్నగా అక్క దగ్గరికే వెళ్లాలి. వెళ్లి చెయ్యి నేనే చాపాలి. కాళ్ల సంగతేమిటంటే? తగ్గిపోయాయంటాను. నమ్మకపోతే? నమ్మకపోతే తిట్టనీ, తిడితే సగం పని అయిపోయినట్టే. పాట అయిపోయింది. ఆర్కిటెక్ట్ చెయ్యి వదల్లేదు. "ఇంకొకటి ఆడదామా?" అన్నాడు. అంతకుముందెప్పుడూ రెండో పాట అడగలేదు అతను నన్ను. అప్పుడు నా తలలోకి ఏమొచ్చిందో తెలుసా, రూలొచ్చింది. వద్దంటే ఈ పాట అయ్యేదాకా కూర్చోవాలి, ఇంకెవరితోనూ లేవకూడదు, అక్కతో కూడా. ఇందాక మంటగలిపిన మర్యాద ఇప్పుడు గుర్తొచ్చింది, అదీ తప్పుడు చోట. ఇతన్ని వద్దని అక్క దగ్గరికెళితే ఏమనుకుంటాడు? ఒక్క పాటే కదా, ఇదీ ఆడేసి, ఆ తర్వాతది అక్కకి, నిశ్చింతగా. సరేనండీ అన్నాను. నా అంత తెలివిగలది ఈ లోకంలో పుట్టలేదు.

తిప్పాడు, కిటికీ, స్పీకరు, అద్దం, అక్క కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీలో సంచీలు రెండూ ఉన్నాయి, అక్క లేదు. ఎక్కడికెళ్లింది? మెట్లు దిగి కారులో కూర్చుందా? మిషను నా సంచీలోనే ఉంది, చీకట్లో ఎవరైనా వెనక నుంచి హారను కొడితే ఎటు నుంచో తెలియదు అక్కకి. నా చెయ్యి బిగుసుకున్నట్టుంది, ఆర్కిటెక్ట్ "ఏమైనా ఇబ్బందా?" అన్నాడు, లేదన్నాను. మళ్లీ తిప్పాడు. తిరుగుతూ తలుపు వైపు చూశాను, మంచినీళ్ల క్యాను వైపు చూశాను, ఇంకోసారి తిప్పితే కనపడింది. ఏసీ కింద మూలన, మందుల షాపు అమ్మాయితో. ఆ పిల్ల పెదాలు బిగించి కిందికి, తన కాళ్ల వైపే చూస్తోంది, అక్క గడ్డం కింద వేలు పెట్టి తలెత్తి, నన్ను చూడు అని సైగ చేసింది. ఇద్దరూ లెక్క తప్పే ఆడుతున్నారు. అయినా ఇద్దరి అడుగూ ఒకేసారి పడుతోంది. ఒకేసారి ఆగుతున్నారు. పాట దాని దారిన అది పోతోంది, వీళ్ల దారిన వీళ్లు పోతున్నారు, ఎవరికీ ఏ నష్టమూ లేదు. అక్క చెయ్యెత్తింది, ఆ పిల్ల తిరిగింది, బహుశా పుట్టాక మొదటిసారి అలా తిరగడం, తిరిగి వచ్చి ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి నవ్వింది. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. పెద్ద రోడ్డు దాటి అవతలికి చేరాక నా చెయ్యి వదిలేసి నవ్వేది, అదే నవ్వు. నాకు ఈర్ష్య కలిగింది. ఇంకా ఎన్ని చూడాలో నాలో నేను, ఇవాళ ఒక్క పూటలో.

"ఆఖరి పాట! కూర్చున్నవాళ్లు లేవండి!" అని మాస్టారు అవతలి గట్టుకి వినపడేలా అరిచారు. ఆర్కిటెక్ట్‌కి దండం పెట్టినంత పని చేసి, మనుషుల్ని తోసుకుంటూ వెళ్లాను, ఎవరి కాలో తొక్కాను, సారీ కూడా చెప్పలేదు. అక్క వినపడే చెవి వైపు వెళ్లి నిలబడ్డాను.

"అక్కా, రా."

తిరిగి చూసింది. చెమటతో నుదుటి మీద వెంట్రుకలు అతుక్కున్నాయి, చొక్కా ఇస్త్రీ అంతా పోయింది. "కాళ్లు తగ్గాయా?" అంది. వెటకారమేమో అని మొహంలో వెతికాను. దొరకలేదు.

"తగ్గాయి."

"ఈ పాట ఈ పిల్లకి మాటిచ్చానే."

"అయ్యో, పర్లేదండీ, మీరిద్దరూ ఆడండి, నేను తర్వాత..." అంది ఆ అమ్మాయి, చెయ్యి వెనక్కి తీసుకోబోతూ.

"తర్వాతేముంది, ఇదే ఆఖరిది. మాటంటే మాటే" అని ఆ చెయ్యి వదలకుండా, నాతో, "నువ్వెళ్లి కూర్చో, మళ్లీ పట్టేస్తాయి" అంది. పాట మొదలైంది. అక్కకి మొదలైందని తెలియలేదు, ఆ అమ్మాయికీ తెలియలేదు, చుట్టుపక్కలవాళ్లు కదలడం చూసి వాళ్లూ కదిలారు. నేను వచ్చి అక్క కుర్చీలో కూర్చున్నాను. ఎవరో పెద్దాయన చెయ్యి చాపాడు, వద్దండీ అన్నాను. పాట అయ్యేదాకా కూర్చున్నాను. పద్ధతిగా, సంచీలు రెండూ ఒళ్లో పెట్టుకుని, రూలు తప్పకుండా. ఎవరూ చూడలేదు.

కింద షోరూము మూసేశారు, గాజు వెనక సోఫాలు చీకట్లో ఉన్నాయి. మిషను డబ్బా ఇస్తే అక్క కారు పక్కన నిలబడి చెవికి పెట్టుకుంది, ఓసారి తల విదిలించింది. నెత్తిన స్కూలు బోర్డు ఉన్న ఆ కారులో పక్క సీటంటే అక్క రోజూ కూర్చునే సీటు, ఇవాళ నాది. అక్క నడుపుతున్నప్పుడు మంచి చెవి నావైపే ఉంటుంది. వినపడలేదనుకోవడానికి వీల్లేదు. అందరూ ఒకేసారి బయల్దేరారు, కార్లన్నీ గేటు దగ్గర వరస కట్టాయి, మేము అంగుళం అంగుళం కదులుతున్నాం.

"ఆ పిల్ల బుర్ర ఉన్న పిల్లే" అంది అక్క. "వచ్చే ఆదివారం కూడా వస్తానని చెప్పా."

"ఇంక రానన్నావుగా?"

"నీతో ఆడి మానేద్దామనుకున్నా. ఇప్పుడు ఆ పిల్ల దొరికిందిగా. దానికి లెక్క రాదు, నాకు వినపడదు, ఇద్దరికీ గొడవ లేదు. నీతో అయితే నేను తప్పిన ప్రతిసారీ నీ మొహం కందగడ్డవుతుంది. వంటగదిలో చూశాగా." గేరు మార్చింది. "నీ తప్పు కాదులే, నీకు బాగా వచ్చు, అందుకని. వచ్చే వారం నుంచి నా కోసం నువ్వు రావక్కర్లేదు, నేనే వస్తా, నేనే పోతా. నీ దారిన నువ్వు రా, సరదాగా."

అంటే తెలుసు. వంటగదిలోనే తెలుసు. బాగానే ఉందని నేను ఒట్టేసినప్పుడే తెలుసు, అయినా ఇస్త్రీ చేయించుకుని వచ్చింది, వచ్చి అడిగింది, తెలిసి తెలిసి, ఏమో, దీనికి మనసు మారుతుందేమో అని. భుజం సంగతి చెప్పాలి, వేళ్ల సంగతి చెప్పాలి, నాకు ఉపాయం దొరికింది అక్కా అని చెప్పాలి. ఇప్పుడు ఉపాయమెవరికి కావాలి? గేటు వచ్చేసింది, గేటు దాటితే రోడ్డు, రోడ్డెక్కితే అక్క మాట్లాడదు, నడిపేటప్పుడు మాట్లాడకూడదని అదొక రూలు. నేర్పే కారు కదా, ఈ సీటు ముందు, కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది, నేర్చుకునేవాడు తడబడితే పక్కవాళ్లు ఆపడానికి. ఇన్నేళ్లలో దాని మీద ఎన్నడూ కాలు పెట్టలేదు నేను. పెట్టాను. గట్టిగా తొక్కాను. కారు ఒక్క కుదుపుతో ఆగింది, ఇద్దరం ముందుకి ఊగి వెనక్కొచ్చాం.

"ఏమైందే? ఎవరైనా అడ్డొచ్చారా?" అక్క గాభరాగా అటూ ఇటూ చూసింది.

"ఎవరూ రాలేదు."

"మరి?"

"నేను నీతో ఆడాల్సిందక్కా."

వెనక కారువాడు హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. అక్క స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా గేటు వైపే చూస్తోంది.

"ఆడాల్సింది" అంది. "కాలు తియ్యి."

తీశాను.